రాగిరంగు అద్దాలు

మా ఊరి పేరు లండన్. నవ్వొద్దు.
పసిఫిక్ నడిమధ్య, పగడపు దిబ్బ మీద
నాలుగు కొట్లు, ఒక చర్చి, ఒక జెట్టీ.
వారానికోసారి దిగే విమానం
గాలాల వాళ్ళను దింపి, గాలాల వాళ్ళను ఎక్కించుకుపోతుంది.
పోతూ పోతూ వాళ్ళు వదిలేసిన చలవ కళ్ళజోళ్ళు
బిస్కెట్ల డబ్బాలో పదకొండు.
ఒకదానికి ఒక చెవే ఉంది.
ఒకదాని ముక్కు దగ్గర
ఎవరిదో సన్‌స్క్రీన్ సున్నంలా ఎండి ఉంది.

"రేపట్నుంచి నువ్వూ గైడువే. ఒకటి తీసుకో.
పేరు చూడకు, సోకు చూడకు" అన్నాడు ఇయోటెబా మామ.
"పోలరైజ్డ్ అద్దమో, నల్లరంగు పూసిన మోసమో
ముందు అది తేలాలి."

రెండింటిని ఒకదాని మీద ఒకటి పెట్టి
పైదాన్ని మెల్లగా అడ్డం తిప్పాడు.
మిట్టమధ్యాహ్నం, ఆ రెండు గాజుల మధ్య
అమావాస్య.
"ఇది అసలుది."
ఇంకోదాన్ని ఎంత తిప్పినా పగలు పగల్లాగే ఉంది.
"దీన్ని పెళ్ళిళ్ళకి పెట్టుకో."

బూడిదరంగువి లోతు నీళ్ళకి,
పడవెక్కి ట్యూనా కోసం పోయేవాళ్ళకి.
పసుపువి మబ్బు రోజులకి, ఇంకా తెల్లవారని నీళ్ళకి.
పైన నీలం మెరుపు పూసినవి ఉన్నాయే,
ఆ మెరుపు ఎదుటివాడికి, నీకేం ఒరగదు.
మోకాల్లోతు మడుగులో, తెల్ల ఇసక మీద
మనకి రాగిరంగు.

"ఇకారి కనబడదే పిల్లా.
దాని ఒళ్ళంతా అద్దమే.
ఇసక మీద ఇసక, నాచు మీద నాచు.
నీడకి మాత్రం వేషం వెయ్యడం రాదు.
రాగిలోంచి చూస్తే ఆ నీడ నల్లబడుతుంది.
చేపని వెతికేవాడు ఖాళీ చేతుల్తో వస్తాడు,
నీడని వెతుకు."

నేను తీసుకున్నదాని ఎడమ అద్దం మీద
కొడవలి లాంటి గీత.
తెగిన చెవిని గాలపు దారంతో కట్టుకున్నాను.
పక్కలనుంచి వెలుతురు దూరుతోందని
టోపీ అంచు కింద బొగ్గు రుద్దాను.

పొద్దున్న పాటు తీసింది.
జోడు లేకుండా చూస్తే నీళ్ళంటే కొత్త రేకు కప్పు,
చూపు తగిలి జారిపోతుంది.
పెట్టుకున్నాను.
రేకును ఎవరో చాపలా చుట్టి పట్టుకెళ్ళారు.
పీత బొరియలు. నా వేళ్ళు. ఇసక మీద అలలు గీసిన అడ్డగీతలు.
తల కాస్త కుడి భుజం మీదికి వాల్చితే
ఇంకో రెండు బారల దూరం విప్పుకుంది మడుగు.

మామ ముప్పై ఏళ్ళు ఉత్త కళ్ళతో నడిచాడు ఈ ఎండలో.
తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి
ఎర్రనరాల పొరొకటి రెక్కలా పాకింది.
గాలి వల్లలే, అంటాడు. ఉప్పు వల్లలే, అంటాడు.

"పది గంటల దిక్కు. యాభై అడుగులు.
రెండు. కాదు, మూడు" అన్నాను.

అతిథి, టాస్మేనియా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు,
నన్ను నమ్మక మామ వైపు చూశాడు.

"అవునవును, చూశాను" అన్నాడు మామ,
"పెద్దది ముందుంది."

పెద్దది వెనక ఉంది.
మామ మొహం రెండు గంటల దిక్కుకి తిరిగి ఉంది.

ఎన్నాళ్ళ నుంచి?
కొంగలు వాలే చోటుని బట్టి, పాదాల కింద ఇసక గట్టిదనాన్ని బట్టి,
జ్ఞాపకాన్ని బట్టి
ఎంతమందికి ఎన్ని చేపలు చూపించాడో.

నేనేమీ సరిదిద్దలేదు.
"మామ చెప్పిన చోటే. ఇంకాస్త ఎడమకి" అన్నాను.
దారం గాలిలో చాపుకుంది.
డాక్టరు కేక వేశాడు, రీలు కీచుమంది,
మామ అందరికంటే గట్టిగా నవ్వాడు.

రాత్రి డబ్బా అడుగున ఇంకో రాగి జోడు దొరికింది,
గీతలు లేనిది.
చొక్కా చెంగుతో తుడిచి
ఆయన టోపీలో పెట్టి వచ్చాను.

మర్నాడు పెట్టుకునే వచ్చాడు.
అది ఎక్కడిదని అడగలేదు.
మడుగులోకి దిగేముందు ఆగి, ప్యాంటు మడుచుకుంటూ,
"ముందు నువ్వు నడు" అన్నాడు.