రోంత నిదానంగా

నా మొదటి సూది చీనీకాయకు.
మెస్సులో అడుక్కొచ్చిన కాయ.
తొక్క దాటేటప్పుడు చిన్నగా 'టప్' మంటుంది,
ఆ తర్వాత వేలికి తెలిసే ఖాళీ.
చర్మం కూడా ఇంతే, అన్నాడు సీనియర్.
అబద్ధం.
చీనీకాయ చెయ్యి వెనక్కి లాక్కోదు,
మీదే ఊరు పాపా అని అడగదు.

అనంతపురం సర్వజనాస్పత్రి, మగవాళ్ల వార్డు.
ముప్పై మంచాలు, యాభై ఒక్కమంది.
నా లాగ్‌బుక్‌లో మూడు గడులు:
చూసినవి, సాయం పట్టినవి, సొంతంగా చేసినవి.
మూడోది తెల్లగా ఉంది.

పదిహేడో మంచం వన్నూరప్పది.
కూడేరు పక్క పల్లె. ఇరవై ఏండ్లు బోరుబండి మీద పని.
జిల్లా అంతా నీళ్లకోసం పొడిచిన మనిషి కడుపులో
ఇప్పుడు అడక్కుండానే నీళ్లు.

పాత గ్లౌజుతో చేతికి ముడి వేశాను.
మొదటి పోటు: ఏమీ లేదు.
రెండో పోటు: వచ్చినట్టే వచ్చి
చర్మం కింద నల్లగా ఉబ్బింది.
నా చెవులు కాలిపోతున్నాయి.
"బయపడాకు పాపా," అన్నాడాయన, నాతో.
"ఒక్క తోటలోనే ఏడు బోర్లు ఏసినాం.
టెంకాయ చేతిలో పెట్టుకోని తిరిగేటోడు
చూపిచ్చిన జాగాలోనంతా దుమ్మే లేసింది.
ఎనిమిదోది, బండి తిప్పుకోను చోటు లేక
నిలబడిపోయిన కాడ ఏసినాం. పడింది."

రూతమ్మ సిస్టర్ పక్క మంచం దగ్గర్నుంచే చూస్తోంది.
నా చేతిలోది లాక్కోలేదు.
"కండ్లతో యాడ దేవులాడతావమ్మా, మూసుకో.
వేలు పెట్టు.
నొక్కితే దిగి, మళ్లా మెత్తగా లేస్తాది చూడు, అదీ నర.
తాడు మాదిరి గట్టిగుండేది వద్దు,
అది మనమే పాడుచేసింది.
చర్మం కిందికి లాగి పట్టు.
సూదిని పండబెట్టి పో, నిలబెట్టి పొడవాకు."

కళ్లు మూసుకుని వెతికాను.
మణికట్టుకు రోంత పైన, బొటనవేలి వైపు,
ఏదో నా వేలిని వెనక్కి తోసింది.
గులాబీరంగు క్యాన్యులా వెనక గదిలో ఎర్రగా ఒక మెరుపు.
"పడింది," అన్నాడు వన్నూరప్ప, నాకంటే ముందే.

సంబరంలో ముడి విప్పడం మరిచిపోయాను.
సూది తీయగానే దుప్పటంతా రక్తం.
సిస్టర్ ఒక్క మాటా అనలేదు. దుప్పటి మార్చింది.
ఆ ముడి నేను మళ్లీ ఎప్పుడూ మరవలేదు.

తర్వాత్తర్వాత చాలా వచ్చాయి.
ముక్కు కొస నుంచి చెవి తమ్మెకు,
అక్కణ్నుంచి రొమ్మెముక కిందికి
గొట్టాన్ని మనిషి మీదే కొలవడం, దర్జీలాగా.
"మింగు, మింగు" అంటూ
వాళ్లతోపాటు నేనూ గుటకలు మింగడం.
వన్నూరప్ప పొట్టలోంచే రెండు సీసాల నీళ్లు తీశాను.
"ఎన్ని ఇంచీలు పడిందమ్మా?" అని నవ్వాడు.
మూడో గడి నిండింది. కింద ప్రొఫెసర్ సంతకం.

నెల తిరక్కుండానే మళ్లీ తెచ్చారు.
ఈసారి రక్తం కక్కుకుంటూ.
నర మొదటి పోటుకే దొరికింది,
పడిందని చెప్పడానికి ఆయనకు మెలకువ లేదు.
తెల్లారి నాలుగూ ఇరవైకి గీత సాపైంది.

క్యాన్యులా తీసెయ్యమన్నారు.
పెట్టడం నలుగురు నేర్పారు.
ఇది ఎవరు నేర్పారో గుర్తు లేదు, దీనికి గడి కూడా లేదు.
ప్లాస్టర్ అంచును గోటితో లేపాను.
తలకాడ నిలబడిన హనుమక్క,
అంతదాకా ఏడవని మనిషి,
నా చెయ్యి పట్టుకుంది.
"రోంత నిదానంగా తియ్ పాపా.
ఎంటికలు పీకుతాయి. ఆయప్పకు నొప్పి."

దూదిని స్పిరిట్‌లో తడిపాను.
అంచు వెంబడే, ఒక్కో వెంట్రుకా వదిలేదాకా.
తీశాక, అలవాటు కొద్దీ,
రక్తం రాని చోట దూది పెట్టి
బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను.
ఐదు నిమిషాలు నొక్కాలి.
బస్టాండు వైపు ఏదో బండి హారన్ కొట్టింది.
హనుమక్క నా వేలినే చూస్తూ నిలబడింది.
చాలు అని ఎవరూ అనలేదు.