బండి ర

చిత్తూరు బెల్లం మండీలో
కీబోర్డు కూడా తీపే.
ఎంటర్ నొక్కితే కిందికి పోయింది పైకి రాదు,
గోటితో లేపాల.
సర్వర్ పెట్టె మూత విప్పితే
ఫ్యాను చుట్టూ చీమలు,
బారు తీరి, ఎవరి పని వాళ్ళు చూసుకుంటా.

పాత మిషను శనివారం చచ్చిపోయింది.
డిస్కు బతికింది.
కొత్తదాంట్లోకి ఫైళ్ళన్నీ వచ్చేసినాయి గానీ
పేర్లు రాలేదు.
తెర నిండా ప్రశ్నార్థకాలు.
ఆరు ప్రశ్నలు, ఒక చుక్క.
తొమ్మిది ప్రశ్నలు, ఒక చుక్క.
ఇరవై రెండేళ్ళ లెక్కల్లో
ఒక్క రైతూ లేడు.

"అందరూ ఏమైపోయిరి?" అన్నాడు
గుమస్తా చెంగల్రాయులు,
కళ్ళజోడు నుదుటికెత్తి,
నేనే యాడో దాచిపెట్టినట్టు చూస్తా.

యాడికీ పోలేదు సార్.
అక్షరానికో నంబరుంటాది.
పాతది ఒక రకంగా లెక్కబెట్టేది,
కొత్తది ఇంకో రకంగా.
ఈ నంబరంటే ఆ నంబరని
నడాన ఒక పట్టీ ఉండాల.
ఉంది గానీ, పాత పద్ధతిలో రాసింది,
కొత్త సర్వరు దాన్ని చదవదు.

"పాత పట్టా, కొత్త పాసుబుక్కు," అన్నాడాయన.
అంతే సార్. అంతకంటే ఏం లేదు.

రాత్రికి దిగినాను దాంట్లోకి.
నూటిరవై ఎనిమిది వరసలు.
ఎడం పక్క పాత నంబరు, కుడి పక్క కొత్తది,
తొమ్మిది తర్వాత పది రాని లెక్క,
ఎ, బి, సి అని నడిచే లెక్క.
అ కు సున్నా సి సున్నా ఐదు.
క కు సున్నా సి ఒకటి ఐదు.
కొమ్ముకు వేరే ఇల్లు, సుడికి వేరే ఇల్లు,
పొల్లుకు కూడా ఒక ఇల్లు.
బయట కాటా మీద కుక్క పడుకోనుంది,
ముల్లు పద్నాలుగు కిలోల దగ్గర
ఊపిరి తీస్తా ఉంది.

మూడున్నరకు ప్రశ్నలన్నీ రాలిపోయినాయి.
పేర్లు దిగినాయి ఒక్కొక్కటే:
మునెమ్మ, పులిచెర్ల.
దొరసామి, పూతలపట్టు.
కన్నెమ్మ, యాదమరి.
గెలిచినాననుకొని
గోతాల మీదనే తల వాల్చినా.

పొద్దున చెంగల్రాయులు
తెర మీద వేలు పెట్టి చదవతా పోయి
గుర్రప్ప దగ్గర నిలబడినాడు.
"ఇంకో గుర్రప్ప యాడ?"
ఒకడే ఉండాడు సార్.
"ఇద్దరు అమ్మణ్ణీ. ఇద్దరిదీ పెనుమూరే.
ఒకాయనకు మామూలు ర పెట్టినా,
బాకీ ఉన్నాయనకు బండి ర.
లాగాల గదా పాపం."

పట్టీ మళ్ళీ తెరిచినా.
బండి ర వరసకు చివర,
మిషను చదవని పక్కమాటగా
ఎవరో రాసిపోయినారు:
ఈ అక్షరం ఎవరూ వాడరు.
వాడరు గనక
మామూలు ర నంబరే దీనికీ అంటగట్టినారు.
రెండు ఫైళ్ళు ఒకే పేరుతో దిగి
వెనక వచ్చింది ముందుదాన్ని మింగేసింది.
అప్పంతా తీర్చుకున్న మనిషి
తెల్లారేసరికి బాకీదారుడు.

ఆ మాట రాసినాయన యాడుంటాడో,
ఏ ఊళ్ళో ఏ చల్లగదిలో కూర్చొని రాసినాడో.
ఎవరూ అనేముందు ఎందరిని అడిగినాడో.
పెనుమూరిని అడగలేదు.

మార్చింది ఒక్క అంకె.
సున్నా సి మూడు సున్నా కాదు,
సున్నా సి మూడు ఒకటి.
డిస్కులోంచి మళ్ళీ దించినా.
గుర్రప్ప.
గుఱ్ఱప్ప.
ఒకే బస్సులో ఒకే సీటులో
మాట్లాడుకోకుండా కూర్చున్నట్టు.

పదిన్నరకు ఒక గుర్రప్ప వచ్చినాడు.
ఆటోలోంచి దిమ్మలు దించి,
తువ్వాలుతో మెడ తుడుచుకొని,
ఫ్యాను కింద నిలబడినాడు.
ఏ గుర్రప్పో నేను అడగలేదు.

నా కూలికి రసీదు రాస్తా
చెంగల్రాయులు ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టినాడు.
పర్వీన్‌కు ఏ ర సార్, అన్నా.
"నీకేంది, మామూలు రనే.
అప్పూ సప్పూ లేని బిడ్డవి."

లాప్‌టాప్‌కు ఇంకా పదకొండు కంతులుండాయని
నేను చెప్పలేదు.
నోట్లో బెల్లం ఉంది.