ఉప్పు డికాక్షన్

ఎర్దెనెత్‌లో జనవరి.
గాలిలో తడి చుక్క లేదు.
తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చిటుక్కుమంటుంది.
దుప్పటి దులిపితే చీకట్లో నీలంగా మెరుస్తుంది.
చెయ్యి కలిపేముందు మనుషులు
ఒక్క క్షణం ఆగుతారు.

బయర్మా దుకాణంలో నా మొదటి పాఠం
టంకం వేయడం కాదు, స్వెట్టర్ విప్పడం.
అక్క అల్లిచ్చిన మేకబొచ్చు స్వెట్టర్‌ని
గుమ్మం అవతల మేకుకి తగిలించి
నూలు కోటు తొడుక్కున్నాను.
పళ్ళు టకటకలాడాయి.
"నువ్వు వణికితే వణుకు," అంది,
"బోర్డు జోలికి రాకు."

నల్ల చాప. మణికట్టుకి పట్టీ.
పట్టీ నుంచి మెలికల తీగ,
అందులో ఎక్కడో దాక్కున్న పది లక్షల ఓముల అడ్డు.
అంత అడ్డెందుకని అడిగాను.
"ఉన్నదంతా ఒక్కసారే దిగిపోకూడదురా,
కరెంటైనా, కోపమైనా."

నవ్వాను.
నవ్విన వారానికే, ఒక్క నిమిషమే కదా అని
పట్టీ తీసి బల్లమీద పెట్టి
వినికిడి యంత్రంలో చిప్పుని వేలికొసతో సర్దాను.
ఏమీ కాలేదు.
రవ్వ లేదు, చప్పుడు లేదు,
చీమ కుట్టినట్టయినా లేదు.
గనిలో ముప్పై ఏళ్ళు పేలుళ్ళు విన్న దోర్లిగ్‌జావ్ తాత
దాన్ని చెవిలో పెట్టుకుని
కెటిల్ మరిగే చప్పుడుకి చటుక్కున తల తిప్పాడు.

నలభయ్యో రోజున మళ్ళీ వచ్చాడు,
యంత్రాన్ని రుమాల్లో చుట్టుకుని.
"మనవరాలు ఏదో చెబుతూ చెబుతూ
సగంలో ఆగిపోయింది," అన్నాడు.
ఆగింది మనవరాలు కాదని ఆయనకి తెలుసు.

భూతద్దానికి కూడా ఏమీ దొరకలేదు.
"మూడు వేల వోల్టులుంటే గానీ మన వేలికి తెలీదు,"
బయర్మా అద్దం తుడుస్తూ అంది,
"దీనికి వంద చాలు."
నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున టీ కాచింది.
పాలు పోయకముందే
సగం ఉప్పు డికాక్షన్ వేరే గిన్నెలోకి వంచింది.
పాల టీ తొలి గరిటె ఎప్పట్లాగే ఆకాశానికి చిలకరించి,
గిన్నె నా చేతికిచ్చింది:
"కడ్డీకి పొయ్యి. దానికి పాలు దండగ."

దుకాణం వెనక మంచులోంచి
జానెడు పైకి రాగి కడ్డీ.
ఈ ఊరి కొండలోంచి తవ్విన రాగే కావచ్చు,
ఏ దేశాలు తిరిగి మళ్ళీ ఈ మట్టిలోకే వచ్చిందో.
గడ్డకట్టిన నేల ఎవరేమిచ్చినా పుచ్చుకోదు.
పోశాను. ఆవిరి లేచింది.
మంచు గోధుమరంగుకి తిరిగి కుంగింది.
మీటరులో అంకె కొంచెం కొంచెంగా దిగింది.
ఉప్పు తిన్నది కదా,
ఇక నేల మాట తప్పదు.

లోపలికొచ్చి తాత ముందు నిలబడ్డాను.
తప్పు నాదే అని చెప్పాను.
ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని
"ఆఁ?" అన్నాడు.
గట్టిగా చెప్పాను.
నవ్వి తలూపాడు, చలి గురించి అనుకున్నాడేమో.

పట్టీ బిగించాను. లోహం చల్లగా తగిలింది.
చాప మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చున్నాను,
నాలో ఏం పోగుపడిందో అది నెమ్మదిగా దిగేదాకా.
అప్పుడు వెండిరంగు సంచి కత్తిరించి
కొత్త చిప్పు బయటికి తీశాను.

ఇది బాగయ్యాక
ఆయన చెవిలో పడే తొలిమాట
మళ్ళీ నేనే చెప్పాలి.