ఇరవై అంకణాలు

పొదలకూరు రోడ్డులో ఆటో దిగి
కంకర మిల్లు దాటినాక ఎడమ పక్క
పసుపు పూసిన రాళ్లు వరసగా పాతి ఉండాయి,
ఫీజు కట్టని పిల్లకాయల్ని ఎండలో నిలబెట్టినట్టు.
ఏజెంటు మాల్యాద్రి ఒక రాయి మీద చెయ్యేసి
"ఇదేనక్కా మీ ఈశాన్యం" అన్నాడు.

ఇరవై అంకణాలు. అంకణం పదకొండు వేలు.
అంకణమంటే రెండు స్తంభాల మధ్య చోటనుకునేదాన్ని నేను.
మా అమ్మమ్మ ఇంటిని అట్లానే లెక్కపెట్టేది,
మూడంకణాల ఇల్లు, ముందర పంచ అని.
ఈడ స్తంభం లేదు, పైన వాసం లేదు,
గాలిని ఎనిమిది గజాల లెక్కన కోసి అమ్ముతా ఉండారు.

వెంగయ్య పాదానికి పాదం ఆనించి కొలిచాడు.
పదిహేడేళ్లు ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి,
అర్ధరూపాయి కూడా లెక్క తప్పడు.
అడుగు తక్కువొచ్చింది.
మళ్లీ కొలిచాడు. మళ్లీ తక్కువొచ్చింది.
చెప్పులు విప్పి కొలిచాడు.
సరిపోయింది.

బ్రోచర్లో నీలం రంగు ఈతకొలను ఉండింది.
దాని గట్టున ఎర్ర బంతి పట్టుకోని ఒక బిడ్డ,
జుట్టంతా మొక్కజొన్న పీచు రంగు.
ఆ బిడ్డ ఎవురి బిడ్డో గానీ
ఈ రోజుకీ మా వీధిలోకి రాలేదు.

గాజులు కుదవకి పోయినాయి, చీటీ పాడేశాం.
రిజిస్ట్రారాఫీసులో కెమెరా ముందర
నవ్వొద్దన్నారు. నవ్వలా.
దస్తావేజు మీద నా మొగం
ఇప్పుడే దొంగతనం ఒప్పుకున్నట్టు ఉంటాది.
దాని కింద హద్దులు.
తూర్పు ముప్పై మూడడుగుల రోడ్డు,
దక్షిణం నలభై ఆరో నంబరు ప్లాటు,
పడమర వేరే వారి ఖాళీ స్థలం,
ఉత్తరం పంట కాలవ పోరంబోకు.

కాలవ యాడుందని అడిగితే
"అది పేరుకేనక్కా" అన్నాడు మాల్యాద్రి.

ఇల్లు కట్టిన ఏడు, నవంబరులో వాయుగుండం పట్టింది.
రెండో రాత్రి మంచం మీంచి కాలు దించితే
చల్లగా తగిలింది.
టార్చి వేశాడు వెంగయ్య.
బియ్యం డబ్బా తేలతా ఉండాది.
గ్యాస్ పొయ్యి కింద ఒక చేపపిల్ల,
ఇంత, నా చిటికెనవేలంత,
వంటింట్లో దారి తెలిసినట్టే తిరగతా ఉండాది.
కాలవకి దస్తావేజు లేదు.
నా ఇంటి గుండా అది పోయే దారి మాత్రం
గజం కూడా తప్పలేదు.

నాలుగేళ్లు లేఅవుట్ మొత్తానికి మాదొకటే దీపం.
గ్యాస్ పిల్లోడికి ఫోన్లో చెప్పేదాన్ని,
కంకర మిల్లు, ఎడమ, ఎర్ర ట్యాంకు,
గుంటలో దిగొద్దు, గట్టు మీదనే రా.
ట్యాంకు రంగు వెలిసినాక
గులాబీ ట్యాంకు అని చెప్పేదాన్ని.

అప్పుడు ఖాదర్‌బీ వాళ్లు పక్కన పునాది తీశారు.
మేస్త్రీ తాడు పట్టుకోని మధ్యలో నిలబడితే
అటు ఆమె, ఇటు నేను,
అర్ధ అడుగు కోసం
నోటికొచ్చిన మాటలన్నీ అనుకున్నాం.
వెంగయ్య చెప్పులు విప్పబోయాడు.
"నువ్వు ఊరుకో" అన్నా.
గోడ మా వైపే లేచింది.

ఆరు నెల్లు మాటల్లేవు.
ఒక రోజు ఆ గోడ మీంచే
ఆమె ఫోన్లో ఎవురికో చెప్తా ఉండింది,
"కండక్టర్ వాళ్ల ఇల్లు తెలుసా? తెలీదా?
అందరికీ తెలుసే. దాని పక్కన."
వెంగయ్య ముద్ద నోటి దగ్గర ఆపి
నా వైపు చూశాడు.
నేను చారు పోశా.

మొన్న మాల్యాద్రి ఫోన్ చేశాడు.
"అంకణం ఎనబై వేలు పలకతాంది, అమ్మతారా అక్కా?"
ఏ అంకణం అబ్బయ్యా, అన్నా.
చేప దొరికిందా? వెంగయ్య పాదం చాలనిదా?
ఖాదర్‌బీ గోడ మింగింది నాది కాదు,
దాన్ని ఆమెనడుగు.
"హలో, అక్కా, హలో" అంటా ఉండాడు.
సిగ్నల్ ఈడ ఇంకా సరిగ్గా రాదు.