ఒక మగ్గు తక్కువ

రిజర్వు సైన్యం లెక్కలో
ఒక శని ఆదివారాలు ఎగ్గొడితే నాలుగు గైర్హాజర్లు,
పూటకొకటి చొప్పున.
తొమ్మిది నిండాయా, మనిషికి చెల్లుచీటీ.

ఆ లెక్క రాసేదాన్ని నేనే.
కారిబూ ఊరి చివర, మంచుకి పెచ్చులూడిన హాల్లో
హీటరు పక్క బల్ల మీద
పేర్ల ఎదుట సున్నాలు చుడతాను.

మెయిన్ రాష్ట్రపు ఈ ఉత్తరపు కొసన
సెప్టెంబరొస్తే పిల్లలకి సెలవులిస్తారు,
బంగాళాదుంపలు తవ్వాలి గనక.
దుంప కోసం బడికి తాళం పడుతుంది.
మా రిజిస్టరుకి పడదు.

రెనో వులెట్. స్పెషలిస్టు. ట్రక్కు డ్రైవరు.
సెప్టెంబరులో నాలుగు, అక్టోబరులో నాలుగు.
నవంబరు శనివారం పొద్దున
పేరు పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచాను.
రెండోసారి పిలవాలని ఏ రూల్లోనూ లేదు.

రిజిస్టరు పోస్టులో పంపిన ఉత్తరాలు మూడూ
వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి,
తీసుకునేవారు లేరన్న ముద్రతో.
ఎందుకు లేడూ?
పోస్టాఫీసు తెరిచి ఉన్నంతసేపూ దుంపల గోదాములో ఉన్నాడు.
మూసేశాక ఫ్రైస్ ఫ్యాక్టరీలో ఉన్నాడు.
లేనిదల్లా నా కాగితం మీదే.

ఒక తుఫాను రాత్రి మా కాన్వాయ్‌లో
చివరి బండి నాది, ఆగిపోయింది.
మంచులో వెనక్కి నడిచొచ్చి
నీలం తిరిగిన నా వేళ్ళని
కోటు విప్పి చంకలో దాచుకున్నాడు,
తెల్లారేదాకా బూతులు తిడుతూ, నవ్విస్తూ.
ఆ వేళ్ళతోనే టైపు చేశాను నోటీసు.
ఒక్క అక్షరమూ తప్పు పోలేదు.

చివరికి నేనే పట్టుకెళ్ళాను.
వాకిట్లో టైరు మారుస్తున్నాడు.
చదవలేదు. మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.
మట్టి వేలిముద్ర ఒకటి కొసరుగా పడింది.
"కోపమా, సార్జెంట్?" అన్నాడు ఇంగ్లీషులో.
లేదన్నాను ఫ్రెంచిలో,
మా ఇద్దరి అమ్మమ్మలూ
బడిలో మాట్లాడి బెత్తం దెబ్బలు తిన్న ఫ్రెంచిలో.

సామాను అప్పజెప్పాడు.
హెల్మెట్టు. బూట్లు రెండు జతలు. స్లీపింగ్ బ్యాగు.
యూనిఫారాలకి ఇస్త్రీ మడత కత్తిలా ఉంది,
ఏ జాముకి చేశాడో.
స్టీలు మగ్గు ఒకటి తక్కువైంది.

పెరటివైపు చూశాను.
వాళ్ళ చిన్నమ్మాయి దాంతో
కోళ్ళకి గింజలు కొలిచి పోస్తోంది,
ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి.
నేను చూడటం అతను చూశాడు.
ఇద్దరం టైరు వైపు తిరిగి
దాని అరుగుదల గురించి కాసేపు మాట్లాడుకున్నాం.

ఫారంలో ఒక గడి ఉంటుంది,
వస్తువు ఎలా పోయిందో రాయడానికి.
బండిలో కూర్చుని, చలికి బిగిసిన పెన్నుని
నోట్లో పెట్టుకుని వెచ్చబరిచి
రాశాను: శిక్షణలో.

సోమవారం కెప్టెన్ అది చదివాడు.
నా మొహంలోకి ఒకసారి చూసి
కింద సంతకం గీకాడు.

నా దగ్గర ఇంకా పదకొండు పేర్లున్నాయి.
అందులో ఒకమ్మాయికి ఎనిమిది నిండాయి,
చంటిబిడ్డ తల్లి, నలభై మైళ్ళ నుంచి రావాలి.
వచ్చే శనివారం సరిగ్గా ఏడింటికి
నేను తలుపు మూసేయాలి.

హాల్లో గోడ గడియారం
ఈమధ్య కాస్త వెనకబడుతోంది.
బాగు చేయించాలి.
తీరిక దొరకాలి కదా.