రంగం చొక్కా

పెట్టిలో కన్నెట్టుకున్న బాబు
మద్రాసు నుంచి మా బందరువానిపేట ఒచ్చినప్పుడు
నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో.
దీపస్తంభం కాడ జట్కా దిగినాడు.
మూడు కాళ్ళ కొయ్య మీద పెట్టిని కూకోబెట్టి
పక్కనున్న పిడి తిప్పితే
కుట్టుమిషను లాగ టకటకలాడీది,
బట్టా నేదు, దారమూ నేదు.

ఆ పొద్దు మా అయ్య తలకి నూనె రాసినాడు.
రేకుపెట్టి అడుగు నుంచి
రంగం చొక్కా తీసినాడు.
తెల్లది. జేబుకి నీలం గీత.
ముత్యపుచిప్ప బొత్తాలు నాలుగు,
ఐదోది ఊడిపోతే కొబ్బరిచిప్ప అరగదీసి కుట్టుకున్నది.
రంగంలో ధాన్యం మిల్లుకి బస్తాలు మోసి కొన్నాడట.
బాంబులు పడ్డప్పుడు
పదకొండుమంది అడివిలో పడి నడిసినారు.
బారువోడొకడు, మా అయ్యొకడు
ఇల్లు సేరినారు.
మిగతావోళ్ళ పేర్లు
మా అయ్య నిద్దట్లోనే పిలిసీవోడు.

పెట్టి బాబు సూసి తల అడ్డంగా ఊపినాడు.
తాలూకా గుమస్తా మాకు అర్థమయ్యేలాగ సెప్పినాడు:
"చొక్కా విప్పమంటున్నారు, గురువులూ.
జాలరి జాలరిలా కనపడాలట."

అయ్య ఏటీ అన్నేదు.
ఒకటొకటీ బొత్తాలు విప్పినాడు,
మడతెట్టినాడు,
నా రెండు సేతుల్లోనూ ఎట్టినాడు.
"ఇసక అంటనీకు గుంటా."

తెల్లారకుండానే లాగీసిన అలివి వల
పొద్దెక్కినాక మళ్ళీ ఏయించినారు.
ఎండ సాలనేదట, ఒకపాలి.
మబ్బు అడ్డొచ్చిందట, ఇంకోపాలి.
సూరాడ కాముడు పెట్టిలోకి సూసి నవ్వినాడట,
మళ్ళీ మొదలు.
ఉత్త వల లాగడం ఎప్పుడైనా సూసినావా?
నిండు వలకి అరుపొస్తాది,
ఉత్త వలకి ఆయాసమే.

ఆకరికి పోలమ్మత్త గంపలో కవళ్ళు
బేడకి కొని వలలో పోసినారు.
పొద్దుటే సచ్చిన సేపలు
మద్దేన్నం మళ్ళీ సచ్చినాయి.
పోలమ్మత్త అదే గంప నెత్తికెత్తుకొని
"గార సంతకి నడుస్తాను, నన్నూ తియ్యి బాబూ" అన్నాది.
రీలు అయిపోనాదట.
మా ఆడోళ్ళు కాలిన ఇసకలో నడిసిన నడక
ఏ పెట్టిలోనూ నేదు, అప్పుడూ నేదు,
ఇప్పుడు సెప్తన్నాను, రాసుకో.

మొన్న,
పాత డబ్బాలు ఎతికే కుర్రోడొకడు
ఆటో ఎక్కించి సికాకుళం తీసుకెల్లినాడు.
సల్లటి గది. గోడంత తెర.
మా అయ్య ఈపు.
నా మనవడికన్నా సిన్నోడు మా అయ్య,
తాడు భుజానేసుకొని ఎనక్కి ఎనక్కి నడుస్తన్నాడు.
అలలకి సప్పుడు నేదు, సేపకి వోసన నేదు,
ఎవరో పెద్దమనిషి గొంతు మాత్రం ఉన్నాది:
"ఈ తీరం దాటి మరో లోకం ఎరుగని
అమాయకులు వీరు."

నాను నవ్వీసినాను.
పెద్దగానే నవ్వీసినాను.
కుర్సీలన్నీ ఎనక్కి తిరిగినాయి.
ఓలమ్మా, బర్మా మాటల్లో బేరమాడీవోడికి,
అడివి పొడుగూ కాళ్ళతోనే కొలిసొచ్చినోడికి
ఏ లోకం సూపిద్దామనో, పాపం, ఆ గొంతు.

అంతలో
తెర ఎడమ మూల, కిందన,
ఇసక మీద ఒక నీడ.
పొట్టిది. జుట్టు రేగున్నాది.
పళ్ళెం పట్టుకున్నట్టు
సేతులు రెండూ ముందుకి సాపున్నాయి.
నాలుగు లెక్కెట్టీలోగా ఎల్లిపోనాది.

"మళ్ళీ ఎయ్యి బాబూ" అన్నాను.
ఏసినాడు.
"మళ్ళీ."
ఆడు అయ్య ఈపే సూస్తన్నాననుకున్నాడు.

నీడ ఇసక మీదే పడున్నాది గానీ,
అయ్యా,
చొక్కాకి అంటనేదు.