బందెలదొడ్డి

పొద్దున ఏడింటికి నా పని మొదలు:
ఊరి మీద పడి తిరుగుతున్న ట్రాలీలని
వెతికి తోలుకురావడం.
డవ్‌టన్‌లో ఏ వీధి ఎటు వాలిందో
కౌన్సిల్ మ్యాపు కన్నా వాటికే బాగా తెలుసు.
వాలు చివర వాగులో ముక్కు ముంచి ఒకటి,
బస్టాపు బెంచీకి ఒరిగి ఒకటి,
పిల్లలు గోల్‌పోస్టులు చేసి మరిచిపోయినవి రెండు.
ఎల్లుండిలోగా నేను పట్టుకోకపోతే
కౌన్సిల్ వాళ్ళు పట్టుకుపోయి కంచెలో పెడతారు,
తలకింతని జరిమానా.
బందెలదొడ్డి అంటాను నేను.
ట్రక్కు నడిపే టెవిటా
అర్థం కాకపోయినా నవ్వుతాడు.

కొట్టుకో పేరుంది, నేను చెప్పను.
పసుపు అట్ట మీద తొమ్మిది డాలర్ల తొంభై తొమ్మిది.
ఆ తగ్గిన ఒక్క సెంటు
ఎవరి దగ్గర తగ్గిందో
ఏ బిల్లులోనూ ఉండదు.

సేల్ రోజుల్లో లోపల కూడా సాయం పట్టమంటారు.
అప్పుడు చూడాలి మనుషుల్ని.
టోస్టరు ఒకటి, చేతులు నాలుగు,
నోట్లో ఎక్స్‌క్యూజ్ మీ,
పక్కలో మోచెయ్యి.
తువ్వాళ్ళ మడతల్లో
ఎవరో మనసు మార్చుకుని వదిలేసిన కోడి
గడ్డ కరిగి నీళ్ళు కారుతూ.
కొత్త బూట్ల డబ్బాలో పాత బూట్లు,
కాలి వెచ్చదనం ఇంకా ఆరలేదు.
దొంగవెధవ అన్నాడు మేనేజరు.
పారేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూశాను.
అడుగున చిల్లు,
చిల్లుకి అట్టముక్క,
అట్ట మీద మా కొట్టు పసుపు.

మా వైపు చవకని అగ్గువ అంటాం.
ఆ మాట నోట్లోకి వచ్చినప్పుడల్లా
ముందు అగ్గే వినిపిస్తుంది నాకు.
ఎక్కడో ఏదో కాలుతుంటేనే
మనమిక్కడ చలి కాచుకుంటున్నామేమో.

స్తావ్రూలా మిల్క్ బార్ షట్టరు దించి మూడేళ్ళు.
అరువు రాసే పుస్తకం ఉండేదట ఆవిడ దగ్గర,
దారంతో కట్టిన పొట్టి పెన్సిలుతో సహా.
అక్కడెవరూ మోచేతులు వాడలేదంటాడు టెవిటా,
రెండోవాడికి నిలబడే చోటే ఉండేది కాదు కదా అని మళ్ళీ తనే అంటాడు.
వాడి బాకీ పదకొండు డాలర్లు
ఆ పుస్తకంలోనే ఉండిపోయింది.
మూసిన తలుపు సందులో
వారం వారం మా కొట్టు కరపత్రం
ఇప్పటికీ ఎవరో దూర్చిపోతారు.

గురువారం ఒక ఫిర్యాదు, ఫోటోతో.
చివరింటి ముందు మళ్ళీ ట్రాలీ,
ఈ పేట ఇలా తయారైంది, అని కింద రాత.
మేం వెళ్ళేసరికి మిసెస్ వెల్లా
ఎనభై రెండేళ్ళ నడుం వంచి
దాని చక్రంలో ఇరుక్కున్న వెంట్రుకలు
అల్లిక సూదితో తీస్తోంది.
పిడికి తడిగుడ్డ పెట్టినట్టుంది, మెరుస్తోంది.
"మూల కొట్టుకైతే సంచీతో వెళ్ళేదాన్ని.
ఇప్పుడు రెండు కిలోమీటర్లు.
పోయేటప్పుడు దీన్ని నేను తోస్తాను,
వచ్చేటప్పుడు ఇదే నన్ను పట్టుకుని తెస్తుంది."
ఆలుగడ్డల సంచీ ఇంకా అందులోనే ఉంది.
లోపలికి మోసిపెట్టాను.
ఇంకేం చెయ్యాలో తెలీలేదు.

ట్రక్కులోకి పద్దెనిమిది ఎక్కించాం.
పంతొమ్మిదోదాన్ని టెవిటా
ఆమె పెరటి గోడ వెనక్కి తోసేసి
కాయితం మీద
'దొరకలేదు' అని రాశాడు.
అక్షరాలు మాత్రం గుండ్రంగా, తీరిగ్గా.

సాయంత్రం డ్యూటీ దిగి
నేనూ అక్కడే కొన్నాను:
ఉల్లిపాయలు, ఒక బల్బు,
అవసరం లేని దుప్పటి, సగం ధరకి.
ఆఖరిది.
ఎవరి పక్కలోనో తగిలింది నా మోచెయ్యి.
సారీ అన్నాను.
దుప్పటి వదల్లేదు.